‘ప్చ్’ ఒక హల్లైతే?

మొన్న ఇక్కడ ఒకావిడ అడిగారు: “‘ప్చ్’ అని రాస్తాం కదా, పలికేటప్పుడు అందులో పకారమూ వినిపించదు, చకారమూ వినిపించదు. మరి అలా ఎందుకు రాస్తున్నాం?” నవ్వు బొమ్మలు చాలా వచ్చాయి గానీ జవాబు రాలేదు.

ఒకసారి గట్టిగా ‘ప్చ్’ అని చూడండి. గాలి బయటికి రాదు, లోపలికి పోతుంది. నాలుక కొన పైపళ్ల వెనక, నాలుక మొదలు మెత్తటి అంగిలి దగ్గర, రెండుచోట్లా ఒకేసారి అంటుకుంటాయి. మధ్యలో చిక్కిన గాలిని నాలుక కిందికి గుంజి, కొనను వదిలేస్తే వచ్చే చప్పుడది. మన వర్ణమాలలో దానికి చోటు లేదు. అందుకని దగ్గరగా తోచిన రెండు అక్షరాలు అతికించి సరిపెట్టుకున్నాం.

ఇదే చప్పుడు నారో భాషలో హల్లు. నారో, ఆఫ్రికా దక్షిణాన కలహారి ఎడారి ప్రాంతంలో, బోట్స్‌వానాలోని గాన్జీ జిల్లాలోనూ సరిహద్దు అవతల నమీబియా తూర్పు భాగంలోనూ మాట్లాడే ఖోయె కుటుంబపు భాష. మనం జాలికో విసుగుకో వాడే చప్పుడుతో వాళ్లు పేర్లు పెట్టుకుంటారు.

ఇలాంటి నాలుక చప్పుళ్లు నారోలో నాలుగు. మొదటిది మన ‘ప్చ్’. రెండోది, బండివాడు ఎద్దుల్ని అదిలిస్తూ నాలుక పక్క అంచుతో దవడపళ్ల దగ్గర చేసేది. మూడోది, పిల్లలు గుర్రం డెక్కల ఆట ఆడుతూ ‘టక్’మనిపించేది. నాలుగోది మనకు అలవాటు లేదు: నాలుకను వెడల్పుగా అంగిలికి అదిమి చటుక్కున లాగాలి.

ఇక్కడే మన వర్గాక్షరాలు గుర్తొస్తాయి. ‘క’ వర్గంలో క, ఖ, గ, ఘ, ఙ ఉన్నట్టే, నారోలో ఒక్కో చప్పుడుకూ ఒక వరస ఉంది. ఉత్తది, మహాప్రాణంతో, నాదంతో, ముక్కుతో, గొంతు బిగించి, గొంతులో గరగరతో, ఆ గరగరా బిగింపూ కలిపి. ఏడు నాలుగులు 28. మన వర్గాక్షరాలు అయిదయిదులు 25 మాత్రమే! ముక్కుతో అన్నది అబద్ధం కాదు. చప్పుడు నోట్లో పుడుతుంది, ఊపిరి ముక్కులోంచి పోతూనే ఉంటుంది. ‘న్’ అని సాగదీస్తూ మధ్యలో ‘ప్చ్’ అనండి, వచ్చేస్తుంది. (ఇంట్లోవాళ్లు అడిగితే నా పేరు చెప్పకండి.)

— మాస్టారూ, మరి వాళ్ల లిపిలో దీన్నెలా రాస్తారు?

రోమన్ అక్షరాల్లోనే అండి. నమీబియాలో ఖోయెఖోయె భాషకు నిలువు గీతలూ ఆశ్చర్యార్థకం లాంటి గుర్తులూ వాడతారు. నారోకు మాత్రం దక్షిణాఫ్రికాలోని జులూ, ఖోసా భాషల దారి పట్టారు. ‘ప్చ్’కి సి, డెక్కల చప్పుడుకి క్యూ, ఎద్దుల చప్పుడుకి ఎక్స్. నాలుగో చప్పుడు జులూలో లేదు గనక టి, సి కలిపి రాశారు. మామూలు టైపు మిషను మీద కొట్టుకోవచ్చు. గాన్జీ దగ్గర డికార్ అనే ఊళ్లో నారో భాషా పని ఏళ్లుగా సాగింది. హెస్సెల్ విసర్ కూర్చిన నారో నిఘంటువు 2001 ముద్రణ ఈ రాతలోనే ఉంది.

చిక్కల్లా ఇంగ్లీషు కళ్లతో చదివినప్పుడు వస్తుంది. డికార్‌లోని కురు ఆర్ట్ ప్రాజెక్టు చిత్రకారిణి ఒకావిడ బొమ్మ 1997లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానాల తోకల మీద కెక్కింది. ఆవిడ పేరు సి, జి, పై కామా (అపాస్ట్రఫీ), ఓ, ఎస్, ఇ అని మొదలవుతుంది. చూడగానే మనవాళ్లు ‘సిగోసే’ అనేస్తారు. మొదట్లో సకారమూ లేదు, గకారమూ లేదు. మొదటి మూడు గుర్తులూ కలిసి ఒకే హల్లు: ‘ప్చ్’, గరగర, బిగింపు. ఇంటిపేరులో ఇంకో రెండు చప్పుళ్లున్నాయి, ఒకటి ముక్కుతో పలికే నాలుగో చప్పుడు, ఒకటి ఎద్దుల బండిది. మిగిలిన డెక్కల చప్పుడు, అదే ఊళ్లో ‘దాదా’ అని పిలిచిన ఇంకో చిత్రకారిణి ఇంటిపేరు మొదట్లో దొరుకుతుంది. ఇద్దరి పేర్లూ సరిగ్గా పలకడం వస్తే నాలుగూ వచ్చేసినట్టే.

— మనకూ ఉంది కదండీ ఈ అవస్థ. ‘చాప’ రాసి రెండు రకాలుగా చదువుతాం. దంత్య చకారానికి వేరే గుర్తుంది, ఎవరు వాడుతున్నారు?

నిజమే. కానీ మనది చదివేవాడికి ముందే తెలిసిన మాట గనక గడిచిపోతోంది. పరాయి పేరుకి ఆ వెసులుబాటు లేదు.

— లింగం సంగతి కూడా చెప్పండి. మనకు ‘ఆమె వచ్చింది, కుక్క వచ్చింది’ ఒకటే కదా, వాళ్లకెలా?

నారోలో నామవాచకం చివరే తేలిపోతుంది. ‘ఖోయె’ అంటే మనిషి. ఖోయెబ మగమనిషి, ఖోయెస ఆడమనిషి. సంస్కృతంలోలా ద్వివచనం కూడా ఉంది, కాకపోతే ఇంకో మెట్టు పైన. ఇద్దరు మగవాళ్లయితే త్సర, ఇద్దరు ఆడవాళ్లయితే సర, ఒకరూ ఒకరూ అయితే ఖర. ‘పితరౌ’ అన్నప్పుడు సంస్కృతం తల్లిని పుంలింగంలో కలిపేస్తుంది. నారో ఆ జంటకు విడిగా ప్రత్యయం పెట్టుకుంది.

— అసలు ప్రశ్న మిగిలిపోయింది. ఆవిడ పేరు తెలుగులో ఎలా రాయమంటారు? ‘ప్చ్‌ఓసె’ అంటే?

అలా రాస్తే పేరు చదివిన ప్రతివాడూ ఆవిడ మీద జాలిపడినట్టుంటుందండీ! నేనైతే ‘ఖోసె’ అని రాసి, మొదటి అక్షరం ‘ప్చ్’ చప్పుడుతో మొదలవుతుందని పక్కనే ఒక్క వాక్యం చేరుస్తాను. ఇంతకంటే మంచి ఉపాయం ఉన్నవాళ్లు కింద రాయండి.