సెక్యూరిటీ యాప్ మనల్ని అడగాలా, అడగకుండానే ఆపేయాలా?

గంటస్తంభం:
నేను ఒక చిన్న మొబైల్ సెక్యూరిటీ యాప్ టీమ్‌లో పనిచేస్తున్నాను. జనం యాప్ ఎలా వాడుతున్నారో పక్కన కూర్చుని చూసి రాసుకోవడమే నా ఉద్యోగం. పోయిన నెల విజయనగరంలో ఎనిమిది మంది దగ్గర కూర్చున్నాను. పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్లు (తెరిస్తే ఫోన్‌లో యాప్ వేసేవి) తెలుసు కదా, అలాంటిదే ఒక ఉత్తుత్తి ఫైల్ టెస్ట్ ఫోన్‌లో పెట్టాం. పంపినవాళ్ల చోట వాళ్ల చుట్టాల్లో ఒకరి పేరు. తెరిస్తే మా హెచ్చరిక వస్తుంది.

టిఫిన్ కొట్టు నడిపే ఒక పిన్నిగారు, పెనం మీద దోసె ఉండగానే కళ్లజోడు తీసి పెట్టుకుని మరీ చదివారు. "ఈ యాప్ తెలియని మూలం నుంచి వచ్చింది" అని ఉంది. "తెలీకపోడమేటి బాబూ, మా మరిది కొడుకే కదా పంపినాడు" అని నీలం రంగులో ఉన్న 'కొనసాగించు' నొక్కేసి దోసె తిప్పడానికి వెళ్లిపోయారు.

ఆవిడ తప్పేముంది? మూలం అంటే మా లెక్కలో ప్లే స్టోర్ కానిది. ఆవిడ లెక్కలో పంపిన మనిషి. ఈ ఫైళ్లు వచ్చేది ఎక్కువగా అప్పటికే దొంగల చేతికి చిక్కిన తెలిసినవాళ్ల నంబర్ల నుంచే. అందుకే అడగడం మానేసి నేరుగా ఆపేయాలంటాను. టీమ్‌లో సగం మంది కాదంటున్నారు. మీరేమంటారు?

పలాస బట్టీ:
నేనూ కాదంటాను. మాది జీడి పరిశ్రమ. పిక్కల పనికి కిలో లెక్కన కూలి. ఆ లెక్కల కోసం మా తమ్ముడు ఒక యాప్ రాశాడు. ప్లే స్టోర్‌లో లేదు, వాట్సాప్‌లోనే పంపుకుంటాం. ఒక సెక్యూరిటీ యాప్ దాన్ని ప్రమాదం అని ఎర్రగా చూపించి, సరిగ్గా శనివారం కూలి పంచే పూట మేస్త్రి ఫోన్‌లోంచి తీసేసింది. కాగితం మీద లెక్క కట్టి పంచేసరికి రాత్రి తొమ్మిది దాటింది. ఆ టెన్షన్ మీకు తెలీదు. ఇప్పుడు మా మేస్త్రి ఏ హెచ్చరిక వచ్చినా చూడకుండా ఓకే కొడతాడు. నాన్నా పులి కథే.

తోటపాలెం టీచర్:
ఎనిమిది మందిని చూసి ఇంత మాట చెప్పేయొచ్చా అండీ? పైగా మీరు పక్కన ఉన్నారు కాబట్టి ఆవిడ కళ్లజోడు పెట్టుకున్నారు. ఇంట్లో అయితే అదీ ఉండదు. 2012లో ఆండ్రాయిడ్ అనుమతుల మీద అమెరికాలో జరిగిన పరిశోధనలో, యాప్ వేసుకునేటప్పుడు అనుమతుల తెర మీద దృష్టి పెట్టినవారు 17 శాతమే. ఆన్‌లైన్ సర్వేలో అడిగిన మూడు ప్రశ్నలకూ సరైన జవాబు చెప్పినవారు 3 శాతం. చదివే అలవాటే లేనప్పుడు హెచ్చరికలో మాటలు మార్చి ఏం లాభం? పిల్లలకి బళ్లోనే నేర్పాలి, వాళ్లే ఇంట్లో పెద్దలకి చెబుతారు.

నాగావళి ఒడ్డు:
నన్నడిగితే ఈ యాప్‌లే దండగ. 2019లో ఏవీ-కంపారేటివ్స్ అనే సంస్థ 250 ఆండ్రాయిడ్ యాంటీవైరస్ యాప్‌లు పరీక్షిస్తే, హానికరమైన వాటిలో 30 శాతానికి మించి పట్టుకున్నవి 80 మాత్రమే. మా నాన్నగారి ఫోన్‌లో ఒకటి రోజూ పొద్దున్నే "14 సమస్యలు" అంటుంది. డబ్బు కడితే అన్నీ పోతాయట! అది సెక్యూరిటీనా, సోదా? డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమని ఆయనకి చెప్పి, ఆ యాప్ పీకేశాను.

గంటస్తంభం:
టీచర్‌గారూ, ఎనిమిది మందిని చూసి నేను శాతాలు చెప్పను. ఎక్కడ తడబడుతున్నారో తెలియడానికి మాత్రం అంతమంది చాలు. 1999లో పీజీపీ 5.0 అనే, మెయిల్‌ని రహస్యంగా ఉంచే ప్రోగ్రాం మీద జరిగిన పరీక్షలో పాల్గొన్నది 12 మందే. గంటన్నర టైమిచ్చినా మెయిల్‌కి సంతకం పెట్టి, రహస్య లిపిలోకి మార్చి సరిగ్గా పంపగలిగింది వాళ్లలో మూడో వంతే. తప్పు వాళ్లది కాదు, తెరది అని అప్పుడే తేలింది. మీరు చెప్పిన 2012 అంకెలు కూడా అదే చెబుతున్నాయి కదండీ! పక్కన కూర్చోవడం గురించి మీరన్నది మాత్రం నిజం.

పలాస అన్నా, మీ శనివారం సంగతి విన్నాక నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. ఎక్కడి నుంచి వచ్చిందని కాదు, ఏం అడుగుతోందని చూసి ఆపాలి. దొంగ యాప్‌కి ఓటీపీ కావాలి కాబట్టి మెసేజ్‌లు చదివే అనుమతి అడుగుతుంది, లేదా యాక్సెసిబిలిటీ, అంటే తెర మీద ఉన్నది చదివి మన బదులు నొక్కగలిగే అనుమతి, అడుగుతుంది. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 కూడా బయటి నుంచి దించుకున్న యాప్‌లకి యాక్సెసిబిలిటీ సులువుగా ఇవ్వనివ్వదు. అలాంటివి అడిగితే ఆపేద్దాం. లేకపోతే "ఇది పెళ్లి కార్డు కాదు, యాప్. పంపినవాళ్లకి ఫోన్ చేసి కనుక్కోండి" అని ఒక్క ముక్క. కూలి లెక్కలకి మెసేజ్‌లతో పనేముంటుంది?

పలాస బట్టీ:
ఎందుకుండదు? ఆ వారం కూలి ఎంతయిందో ఒక్కొక్కరికీ మెసేజ్ పోతుంది.

గంటస్తంభం:
పంపడం వేరు, చదవడం వేరు. ఫోన్‌లో మాత్రం రెండూ ఒకే ప్రశ్నగా కనబడతాయి. చదివే అనుమతి కూడా తీసుకున్నాడేమో తమ్ముడిని ఒకసారి అడగండి.

పలాస బట్టీ:
అడిగాను. తీసుకున్నాడట. ఎందుకంటే, ఏదో వీడియోలో చూసి అలాగే పెట్టేశానంటున్నాడు.