నల్లమల వాలుల్లో నేల కర్బనం: రాళ్లు, బొగ్గు లెక్క ఎలా సరిచేయాలి?

నమస్కారమండీ. నల్లమల ఆకురాల్చే అడవిలో గుట్ట నెత్తి, నడిమి వాలు, అడుగు పల్లం ఈ మూడు చోట్లా 0–10, 10–30 సెం.మీ. లోతుల్లో మట్టి తీసి సేంద్రియ కర్బనం పోలుస్తున్నాం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మొదటిది రాళ్లు. వాలు మీద 5 సెం.మీ. కోర్ గొట్టం (మట్టి నమూనా తీసే గొట్టం) రాయికి తగిలి ఒరిగితే చుట్టూ మట్టి నలిగి సాంద్రత తప్పుతుంది. అందుకే 20 సెం.మీ. చదరపు గుంత తవ్వి, పల్చటి పాలిథిన్ పరిచి, గుంత ఘనపరిమాణం తెలియడానికి కొలిచిన నీళ్లు పోస్తున్నాం. నీటిమట్టం కింది అంచుకు రాగానే పొర్లిపోతుంది, పై అంచు దగ్గర ఖాళీ మిగులుతుంది. చెక్క చట్రం మట్టంగా పెట్టి, తవ్వకముందూ తవ్వాకా నీళ్లు పోసి తేడా తీస్తే 25 డిగ్రీల వాలులో నమ్మవచ్చా? 2 మి.మీ. జల్లెడ మీది రాళ్ల ఘనపరిమాణం కోసం వాటి బరువును 2.65తో (రాతి సాంద్రత, గ్రా./ఘ.సెం.మీ.) భాగిస్తున్నాం. శిథిలమైన షేల్‌కు (పొరల రాయి) అది ఎక్కువే, మీరేం వాడతారు?

అసలు చిక్కు బొగ్గుతో. వేసవి మంటల తర్వాత తొలి వానలకు బొగ్గు రవ్వలు కొట్టుకొచ్చి పల్లంలో పేరుకుంటాయి. ఆ మట్టి నలిపితే వేళ్లకు మసి అంటుతుంది. కర్బనాన్ని రసాయనంతో ఆక్సీకరించి కొలిచే వాక్లీ–బ్లాక్ పద్ధతిలో (1 నార్మల్ డైక్రోమేట్ 10 మి.లీ., గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 20 మి.లీ., 30 నిమిషాలు) బొగ్గు కొంతే ఆక్సీకరణం చెందుతుంది కనుక, ఆక్సీకరణం కాకుండా మిగిలే కర్బనాన్ని సరిచేయడానికి వాడే 1.3 గుణకం అక్కడ పనికిరాదు. కొలిమిలో కాల్చి తూచితే బంకమన్నులో బంధించి ఉన్న నీరూ పోయి, కర్బనం ఎక్కువగా కనిపిస్తుంది. బంక ఎక్కువ ఉండేదీ పల్లంలోనే! ఎలిమెంటల్ అనలైజర్‌తో (నమూనాను పూర్తిగా కాల్చి మొత్తం కర్బనం కొలిచే పరికరం) చోటుకో గుణకం కట్టాలంటే ఒక్కో చోట ఎన్ని నమూనాలు కావాలి?