అప్‌డేట్: పాప ఊపిరి ఆడతాందా లేదా అని రాత్రంతా చూస్తాంటా అని అడిగినా కదా

పోయినసారి అడిగింది ఏమంటే, కాన్పయ్యాక పాప నిద్రపోయినా నాకు నిద్ర పట్టదు, ముక్కు కాడ వేలు పెట్టి చూస్తానే ఉంటా, నా ఈ భయం పాపకి కూడా అంటుకుంటాదా అని. డాక్టర్‌కి చూపించుకో అని చానామంది చెప్పినారు, థ్యాంక్స్.

అనంతపురంలోనే సైకియాట్రిస్ట్ కాడికి పోయినాం. మా అత్త అయితే బాలింతకి గాలి సోకింది తాయెత్తు కట్టిస్తే సరిపోతాది అనింది, కట్టించుకున్నా, దాంతో నాకేం పేచీ లేదు. డాక్టరమ్మ ఎడిన్‌బరో స్కేల్ అని 10 ప్రశ్నల కాగితం ఇచ్చింది, 1987లో వచ్చిందంట, పేరుకి డిప్రెషన్‌ది గానీ అందులో 3 ప్రశ్నలు భయం, కంగారు గురించే. నాకు మార్కులన్నీ వాటిల్లోనే పడినాయి, స్కూల్లో కూడా అన్ని రాలే.

పాప సంగతి అడిగితే, నువ్వు ఒకపూట కంగారు పడితే బిడ్డకేం కాదు, నెలల తరబడి ట్రీట్‌మెంట్ లేకుండా వదిలేస్తే తల్లి బిడ్డతో నవ్వేది మాట్లాడేది తగ్గిపోయి ఆ ప్రభావం పడొచ్చు, అదీ అందరికీ కాదు అనింది. సెర్ట్రలిన్ అని డిప్రెషన్‌కి, భయానికి ఇచ్చే మందు రాసింది, పాలల్లోకి చానా తక్కువ పోతాదంట, పాలు మాన్పించొద్దు అని గట్టిగా చెప్పింది. మందు పనిచేసేదానికి కొన్ని వారాలు పడతాదంట, కౌన్సెలింగ్ కూడా నడుస్తాంది.

రాత్రి ఒకసారి మా ఆయన లేస్తాడు, నేను ముందే పిండి పెట్టిన నా పాలు ఉగ్గుగిన్నెతో పడతాడు, సగం ఆయన బనీను మీదే. వేలు పెట్టి చూసేది పూర్తిగా పోలే, తగ్గింది. డాక్టర్ కాడికి పోలేనోళ్ళు 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అని మనసు బాగాలేనోళ్ళకి గవర్నమెంట్ హెల్ప్‌లైన్ అది, ఫ్రీనే, తెలుగులో మాట్లాడతారు.