టూల్ చూపించిన 2,300 ఇష్యూలూ సరిచేయాలా, చెయ్యి పడ్డ చోటే బాగుచేసుకోవాలా?

ఆరేళ్ల కోడ్:
మా టీమ్‌లో రెండు వారాలుగా ఇదే గొడవ, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మాది ఆరేళ్ల నాటి వెబ్ అప్లికేషన్, వెనక నోడ్, ముందు రియాక్ట్. మొదలుపెట్టినవాళ్లలో ఇప్పుడు ఒక్కరే మిగిలారు. ఈమధ్య కోడ్‌ని స్కాన్ చేసే టూల్ పెట్టాం. నడపగానే 2,300 ఇష్యూలు చూపించింది. వాడని వేరియబుల్స్, కాపీ కొట్టిన బ్లాకులు, నాలుగైదు వందల లైన్ల ఫంక్షన్లు, అన్నీ ఉన్నాయి. మూడు వారాలు ఫీచర్లు ఆపి మొత్తం సున్నాకి తెమ్మంటున్నారు మేనేజర్. సగం మంది సరే అన్నారు. నాతో కలిపి మిగతా సగం, నడుస్తున్న కోడ్‌ని కెలకడం ఎందుకు, పని పడ్డప్పుడు ఆ ఫైల్ వరకు బాగుచేసుకుందాం అంటున్నాం. నిజం చెప్పాలంటే నాకే పూర్తి నమ్మకం లేదు. పని పడ్డప్పుడు చూద్దాం అనుకుంటూనే కదా ఇక్కడిదాకా వచ్చాం! మీరైతే ఏం చేస్తారు?

సున్నా వార్నింగ్:
నేను మీ మేనేజర్ పక్షం. 2,300 ఉన్నచోట రేపు వచ్చే 2,301వది ఎవరికీ కనపడదు. సున్నా ఉంటేనే కొత్తగా వచ్చిన ఒక్కటి కంట్లో పడుతుంది. పైగా వాటిలో కొన్ని ఈఎస్‌లింట్ (జావాస్క్రిప్ట్ కోడ్‌లో లోపాలు పట్టే టూల్) ఫిక్స్ ఆప్షన్‌తో పోయేవే.

వాడని కోడ్‌ని వదిలేస్తే ఏమవుతుందో నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల ట్రేడింగ్ కంపెనీ కథ చెబుతుంది. 2003లోనే వాడటం మానేసిన ట్రేడింగ్ కోడ్‌ని వాళ్లు తీసేయకుండా సర్వర్లలో ఉంచారు. 2012లో కొత్త ఫీచర్ కోసం, ఆ కోడ్‌ని ఆన్ చేసే పాత ఫ్లాగ్‌నే (స్విచ్ లాంటిది) మళ్లీ వాడారు. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ చేరలేదు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఆ ఒక్క సర్వర్‌లో చచ్చిపోయిందనుకున్న కోడ్ లేచి కూర్చుంది. ముప్పావు గంటలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. 'నడుస్తోంది కదా' అని వదిలేసే ముందు ఇది గుర్తుపెట్టుకోండి.

గిట్ లాగ్ చదివేవాడిని:
ఆ కథ నిజమే, కానీ అది మీ వాదనకి సాయం చేయదు. ఫ్లాగ్ వెనక ఉన్న కోడ్ టూల్ కంటికి బతికే ఉంటుంది. దాన్ని పిలిచే చోటు కోడ్‌లో కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి వార్నింగ్ రాదు. ఆ ఫ్లాగ్ ఏళ్లుగా ఎవరూ ఆన్ చేయలేదని టూల్‌కి తెలియదు, ప్రొడక్షన్ చూసే మనుషులకే తెలుస్తుంది. 2,300ని సున్నా చేసిన రోజున కూడా అలాంటిది అక్కడే ఉంటుంది, పైగా అంతా శుభ్రం అయిందని మనం నిశ్చింతగా ఉంటాం. నా భయమల్లా అదే.

టూల్ వద్దనడం లేదు. అది ఎక్కడ మెలికలున్నాయో చెబుతుంది, ఏ మెలిక మనల్ని రోజూ ఇబ్బంది పెడుతోందో చెప్పదు. మెక్‌కేబ్ అనే ఆయన 1976లో సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ (ఒక ఫంక్షన్‌లో కోడ్ ఎన్ని దారుల్లో వెళ్లగలదో చెప్పే అంకె) లెక్క ఇచ్చినప్పుడు ఒక ఫంక్షన్‌కి 10 దాటకుండా చూసుకోమన్నాడు. ఈఎస్‌లింట్‌లో ఆ రూల్ ఆన్ చేస్తే దాని మామూలు హద్దు 20. సరే, మీ దగ్గర 35 ఉన్న ఫంక్షన్ ఒకటి ఉందనుకుందాం. నాలుగేళ్లుగా ఎవరూ ముట్టుకోలేదు, బగ్ రాలేదు. ఇంకోచోట 14 ఉంది కానీ వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు దాన్ని మారుస్తున్నారు, మార్చినప్పుడల్లా ఏదో ఒకటి విరుగుతోంది. రిపోర్టులో మొదటిది ఎర్రగా కనిపిస్తుంది. టీమ్ నిద్ర పాడుచేస్తున్నది రెండోది.

అందుకే ముందు గిట్ లాగ్ (కోడ్‌లో ఎప్పుడు ఏ మార్పు జరిగిందో చూపే చిట్టా, అందులో ఒక్కో మార్పు ఒక కమిట్) తీయండి. గడిచిన ఏడాది కమిట్లలో ఒక్కో ఫైల్ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, ఎక్కువ నుంచి తక్కువకి పేర్చండి. ప్యాకేజీ లాక్ ఫైల్, అనువాదాల ఫైళ్లు తీసేయండి, లేకపోతే అవే పైన కూర్చుంటాయి. మిగిలిన జాబితా పక్కన కాంప్లెక్సిటీ అంకె, బగ్ ఫిక్స్ కమిట్ల సంఖ్య పెట్టండి. మూడింట్లోనూ పైన ఉన్న ఫైళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే ఉంటాయి. నేను చూసిన ప్రతి ప్రాజెక్టులోనూ అంతే. మూడు వారాలూ వాటికే ఇవ్వండి.

ఇంకోటి, కాపీ కొట్టిన బ్లాకుల గురించి. ఇది నా చేతులు కాలిన విషయం. ఒక ప్రాజెక్టులో తగ్గింపు లెక్క కార్ట్ పేజీలో ఒకటి, ఇన్‌వాయిస్‌లో ఒకటి ఉండేది. టూల్ డూప్లికేట్ అంది. పైపైన చూస్తే పది లైన్లూ ఒకటే, నేను కలిపేసి ఒకటే ఫంక్షన్ ఉంచాను. తేడా ఒక్కచోటే ఉంది. ఒకటి ప్రతి వస్తువుకీ విడిగా రౌండ్ చేసేది, రెండోది మొత్తం కూడాక రౌండ్ చేసేది. ధర 10.45, తగ్గింపు 5 శాతం, మూడు వస్తువులు అనుకోండి. విడిగా చేస్తే ఒక్కోటి 9.93, మొత్తం 29.79. కూడాక చేస్తే 29.78. కలిపిన మర్నాడే పాత ఇన్‌వాయిస్‌లకీ లెక్కల విభాగం దగ్గరున్న అంకెలకీ పొంతన తప్పింది. తీగ లాగితే డొంకంతా కదిలింది. ఏది సరైన లెక్కో తేల్చడానికే నాలుగు రోజులు పట్టింది, తేల్చినవాళ్లు కోడ్ రాసేవాళ్లు కాదు, లెక్కలు చూసేవాళ్లు. ఒకేలా కనిపించే రెండు ముక్కలు ఒకే కారణంతో మారతాయా, వేర్వేరు కారణాలతో మారతాయా అన్నది టూల్ చెప్పలేదు. ఒకే కారణమైతే కలపండి. కాకపోతే పేర్లు మార్చి విడివిడిగానే ఉంచండి.

మళ్లీ రాద్దాం:
ఇంత తంటా ఎందుకు? ఆరేళ్ల కోడ్ అంటున్నారు. కొత్తగా రాసేస్తే పోలా?

గిట్ లాగ్ చదివేవాడిని:
ఒకప్పటి పేరున్న బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్ 1998లో అదే నిర్ణయం తీసుకుంది. 4 తర్వాత 5 రానేలేదు, 2000 నవంబరులో నేరుగా 6 వచ్చింది. ఆలోగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వాళ్ల వినియోగదారులను పట్టుకుపోయింది. ఆ కొత్త కోడ్ ఊరికే పోలేదు, ఫైర్‌ఫాక్స్ దాని మీదే పుట్టింది, ఒప్పుకుంటాను. కానీ అప్పటికి నెట్‌స్కేప్ కథ ముగిసింది. మార్చక తప్పదనుకుంటే ఒక్కో రూట్‌ని (అప్లికేషన్‌లోని ఒక్కో పేజీ చిరునామాని) కొత్తదానికి మళ్లిస్తూ పాతదాన్ని కొంచెం కొంచెంగా ఖాళీ చేయడమే మేలు.

టెస్టింగ్ బల్ల నుంచి:
మీరంతా ఏ ఫైల్ అన్నదాని మీద వాదిస్తున్నారు. ఎలా అన్నది ఎవరూ అడగడం లేదు. టెస్టులు లేని ఫైల్‌ని బాగుచేయడం మొదలుపెడితే అసలుకే ఎసరు. ముందు ఆ ఫంక్షన్ ఇప్పుడు ఏమిస్తోందో అదే రాసిపెట్టే టెస్టులు రాయండి. తప్పు ఇస్తుంటే ఆ తప్పునే రాయండి. 29.79 వస్తోందా, టెస్టులో 29.79 అనే ఉండాలి. సరైనదేదో తర్వాత తేల్చుకోవచ్చు. కోడ్ కదిలినప్పుడు అంకె కదలకూడదు, అంతే.

రెండో మాట, బాగుచేసిన కమిట్‌లో కొత్త ఫీచర్ కలపకండి. 40 ఫైళ్లలో పేర్లు మారి, మధ్యలో ఒక షరతు మారితే రివ్యూ చేసేవాళ్లకి ఆ షరతు కనపడదు. బగ్‌లు నా దాకా వచ్చేది ఆ దారిలోనే.

సున్నా వార్నింగ్:
ఈ మాటతో ఏకీభవిస్తాను. కానీ గిట్ లాగ్ గారూ, మీ పద్ధతిలో ఒక పెద్ద రంధ్రం ఉంది. ఏడాదికి ఒకసారే నడిచే ముగింపు లెక్కల స్క్రిప్ట్ మా దగ్గర ఉంది. ఎవరూ ముట్టుకోరు కాబట్టి మీ జాబితాలో అట్టడుగున ఉంటుంది. ఎందుకు ముట్టుకోరంటే భయం! రాసినాయన వెళ్లిపోయాడు. ఆర్డర్ సేవ్ చేసే ఫంక్షన్‌కి ట్రూ, ఫాల్స్, ట్రూ అని మూడు విలువలు వెళ్తాయి, మూడోది ఏం చేస్తుందో టీమ్‌లో ఒక్కరు కూడా చెప్పలేరు. మార్పులు లేకపోవడం ఆరోగ్యానికి గుర్తు అనుకుంటే ఎలా?

గిట్ లాగ్ చదివేవాడిని:
మీ మాట సరైనదే, నా లెక్కలో అది లేదు. అలాంటి వాటికి లాగ్ కాదు, టీమ్‌ని ఒక్క ప్రశ్న అడగాలి: 'ఏ ఫైల్ మార్చమంటే మీకు టెన్షన్ వస్తుంది?' ఎవరికి వారు చీటీ మీద రాసి ఇవ్వాలి, అందరి ముందూ అడిగితే చెప్పరు. ఎక్కువ చీటీల్లో వచ్చిన పేరు జాబితాలోకి చేరాలి, లాగ్ ఏం చెప్పినా సరే. సున్నా విషయంలో మాత్రం ఒప్పుకోను. పాత 2,300ని అలాగే గీత గీసి ఉంచి, కొత్తగా మార్చిన లైన్లలో ఒక్క ఇష్యూ వచ్చినా బిల్డ్ (కోడ్‌ని నడిచే రూపానికి తెచ్చే ప్రక్రియ) ఆగేలా పెట్టుకోవచ్చు. ఆ 2,301వది అప్పుడూ కనిపిస్తుంది, మూడు వారాలూ మిగులుతాయి.

ఆరేళ్ల కోడ్:
అందరికీ థాంక్స్. నిన్న లాగ్ తీశాను. లాక్ ఫైల్ పక్కన పెడితే, ఏడాదిలో ఎక్కువసార్లు మారిన మొదటి ఏడు ఫైళ్లలో ఐదు ఆర్డర్ల ఫోల్డర్‌లోనివే. చీటీలు కూడా రాయించాను. తొమ్మిది మందిలో ఆరుగురు లాగ్‌లో ఎక్కడా పైన లేని ఒకే ఫైల్ పేరు రాశారు. యూజర్ పర్మిషన్లు చూసే ఫైల్ అది, రెండేళ్లలో మూడంటే మూడు కమిట్లు. మేనేజర్‌కి రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. సున్నా మాట వదిలేశారు, కొత్త లైన్లలో ఇష్యూ వస్తే బిల్డ్ ఆపడానికి సరేనన్నారు. సోమవారం నుంచి పర్మిషన్ల ఫైల్‌కి టెస్టులు రాయడం మొదలుపెడుతున్నాం. మొదటి నుంచీ ఉన్న ఆ ఒక్కరూ పక్కన కూర్చుంటానన్నారు.