అమ్మ డ్రెయిన్‌లో పాలలాంటి నీరు: గజ్జల్లో నూనె ఎక్కిస్తామంటున్నారు

అమ్మకు గర్భసంచి క్యాన్సర్ ఆపరేషన్ అయి పదకొండు రోజులు. పొట్ట వెనక పెద్ద రక్తనాళం పక్కనున్న, లింఫ్ అనే ఒంట్లో పారే నీటిని వడపోసే గ్రంథులు కూడా తీశారు. నాలుగో రోజు దాకా డ్రెయిన్‌లో (పొట్టలోంచి నీరు బయటికి తీసే గొట్టం) నీళ్లు పల్చగానే ఉన్నాయి. మామూలు భోజనం మొదలెట్టగానే తెల్లబడ్డాయి, రోజుకు 700 మి.లీ. చీము పట్టిందేమోనని హడలిపోయాం. ఆ నీటి పరీక్షలో ట్రైగ్లిజరైడ్లు (కొవ్వు) 640 వచ్చాయి, ఎక్కువేనట, లింఫ్ లీక్ అన్నారు. కొవ్వు మాన్పించి ఎంసీటీ అనే వేరే రకం నూనె ఇస్తే డ్రెయిన్ 500 మి.లీ.కి దిగి అక్కడే ఆగింది. ఇప్పుడు గజ్జల్లో సూది గుచ్చి లిపియోడాల్ అనే నూనె ఎక్కిస్తారట. లీక్ పొట్టలో అయితే సూది గజ్జల్లో ఎందుకు? నూనె మానమన్నవాళ్లే నూనె ఎక్కించడమేమిటి?

జవాబు 1:
తొమ్మిదేళ్లుగా ఈ ప్రొసీజర్లలో టెక్నీషియన్‌ని. కాళ్ల లింఫ్ గజ్జల గ్రంథుల మీదుగా పొట్ట వెనక నుంచి ఛాతీలోకి ఎక్కుతుంది. పేగుల్లోని కొవ్వూ పైన ఆ దారిలోనే కలుస్తుంది. తినగానే తెల్లబడింది అందుకే. ఎంసీటీ మాత్రం లింఫ్‌లోకి పోకుండా నేరుగా రక్తంలోకి పోతుంది.

లిపియోడాల్ అంటే అయోడిన్ పట్టించిన గసగసాల నూనె, ఎక్స్‌రేలో మెరుస్తుంది. అల్ట్రాసౌండ్ చూస్తూ గ్రంథిలో సన్న సూది పెడతారు. అసలు పనితనమంతా అక్కడే. సూది పిసరంత జరిగినా నూనె గ్రంథి బయటికి పోతుంది, కదలొద్దని చెప్పండి. చాలా నెమ్మదిగా, నిమిషానికి ఒక మి.లీ. కన్నా తక్కువే ఎక్కిస్తారు. చిల్లున్న చోట అది బయటపడుతుంది, తర్వాత సీటీ. చిక్కటి నూనె కదా, కొందరికి అదే లీక్‌ను మూసేస్తుంది. లేకపోతే గ్లూ వేస్తారు. లీక్ కాలేయం వైపు నుంచైతే మాత్రం గజ్జల దారిలో కనపడకపోవచ్చు.

కొంత నూనె చివరికి ఊపిరితిత్తులకు చేరుతుంది. అందుకే మోతాదుకు హద్దు ఉంటుంది. ఊపిరితిత్తుల జబ్బు, గుండెలో రంధ్రం ఉంటే ముందే చెప్పాలి, రంధ్రం గుండా నూనె మెదడుకు పోవచ్చు.

జవాబు 2:
మా ఆయనకు కిడ్నీ తీశాక ఇదే. లీక్ ఎక్కడో ఫోటోల్లో దొరకనే లేదు, అయినా వారానికల్లా డ్రెయిన్ ఆగింది. మర్నాడే తగ్గలేదని టెన్షన్ పడకండి.

అడిగినవారు:
ఇద్దరికీ థాంక్స్. గుండెలో రంధ్రం అనగానే ఉలిక్కిపడ్డాను. అమ్మకు చిన్నప్పుడు ఉందన్నారు, చిన్నదే, పట్టించుకోలేదు. కేస్‌షీట్‌లో ఆ మాట లేదు. ఇప్పుడే వార్డుకెళ్లి చెప్పాను. రేపు ఎకో తీశాకే మిగతాదట.