అమెరికా పార్టీ సదస్సుల్లో సొంతంగా వీడియో తీయడం: ఇద్దరు మనుషులు, ఒక కెమెరా

గోదారిగట్టు (ప్రశ్న):
2028 రిపబ్లికన్ జాతీయ సదస్సు హ్యూస్టన్‌లో కదా. మాది తెలుగు యూట్యూబ్ చానెల్, ఉండేది ఇద్దరం. 2024లో మిల్వాకీలో ఉషా వాన్స్ ప్రసంగం లాంటివి ఎవరు వేసినా అదే ఫీడ్, అదే యాంగిల్. మనం వేరుగా తీయగలిగేది ఏముంటుంది? సరంజామా ఏం కావాలి? కెమెరా హైదరాబాద్‌లో కొన్నది.

మూడోకన్ను:
వేదిక జోలికి పోకండి. అక్కడ నెట్‌వర్కులతో పోటీ దండగ. 1972లో మయామీ బీచ్‌లో టీవీటీవీ అనే బృందం సోనీ పోర్టాపాక్‌లు (మోసుకెళ్లే వీడియో రికార్డర్లు) భుజాన వేసుకుని రెండు పార్టీల సదస్సులూ తీసింది. అర అంగుళం టేపు, నలుపు తెలుపు, రీలుకు అరగంట. వాళ్లు ఏకంగా నెట్‌వర్క్ రిపోర్టర్ల మీదికే కెమెరా తిప్పారు, బయట వియత్నాం మాజీ సైనికుల నిరసన తీశారు. ఇప్పుడైనా సరుకు దొరికేది హోటళ్లలో రాష్ట్రాల ప్రతినిధుల ఉదయపు టిఫిన్ల దగ్గరే. ఆ రాష్ట్ర పార్టీ ప్రెస్ వాళ్లకు ముందుగా మెయిల్ పెట్టండి.

హాలు పాస్‌కు గడువు నెలల ముందే ముగుస్తుంది. ప్రతినిధులు కూర్చునే చోటికి వెళ్లే ఫ్లోర్ పాస్ మళ్లీ వేరు, కాసేపటికి తిరిగిచ్చేయాలి. ఇండియా నుంచి వచ్చి తీసేవాళ్లకు ‘ఐ’ వీసా కావాలి, విజిటర్ వీసా మీద కుదరదు. డ్రోన్ ఊసే ఎత్తొద్దు.

సౌండుబాబు:
జనం బొమ్మ కాస్త వణికినా చూస్తారు, మాట వినబడకపోతే చూడరు. కాలరుకు తగిలించే 2.4 గిగాహెర్ట్జ్ మైకులు ఇంట్లో బాగానే ఉంటాయి, వేల ఫోన్ల మధ్య మాట తెగిపోతుంది. అవే వాడాల్సి వస్తే ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డయ్యేవి తీసుకోండి. పాత యూహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ మైకు సెట్లు చవగ్గా దొరుకుతాయని కొనకండి: 617–652, 663–698 మెగాహెర్ట్జ్ పట్టీల్లో వైర్‌లెస్ మైకులు 2020 జులై 13 నుంచి అక్కడ చట్టవిరుద్ధం.

నా ఓటు వైరుకే. ఆమ్నీ (అన్ని వైపుల నుంచీ మాట అందుకునే) డైనమిక్ హ్యాండ్ మైకు, మీటరున్నర ఎక్స్ఎల్ఆర్ మైకు కేబుల్. గడ్డానికి నాలుగు వేళ్ల కింద పట్టుకోండి, మనిషి తల తిప్పినా మాట పోదు. మైకు మాత్రం ఎదుటివాళ్ల చేతికివ్వొద్దు, ఇస్తే వెనక్కి రాదు. ఒకే మైకును కెమెరాలోని రెండు ఆడియో చానెళ్లకూ పంపి, రెండోదాన్ని 10 డీబీ తగ్గించి పెట్టండి. పక్కనుంచి ఒక్కసారిగా నినాదాలు లేస్తే మొదటిది పగిలిపోతుంది, రెండోది ఆదుకుంటుంది.

క్లెయిముల_కామేశం:
పాటల సంగతి మర్చిపోకండి. 2024 చికాగో డెమొక్రాటిక్ సదస్సులో ఓట్ల పిలుపు (అభ్యర్థికి తమ ఓట్లను ఒక్కో రాష్ట్రం ప్రకటించే ఘట్టం) జరుగుతుంటే రాష్ట్రానికో పాట వేశారు. ఆ సమయంలో తీసిన ఇంటర్వ్యూలో మాట కింద పాట అతుక్కుపోతుంది, యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ పడుతుంది. లైవ్ అయితే యూట్యూబే మధ్యలో ఆపేయొచ్చు. పాట మొదలవగానే మనిషిని హాలు బయటి నడవలోకి తీసుకెళ్లండి. వీడియో ముందు అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనబడేలా) ఎక్కించి, చెక్ అయ్యాకే బయటపెట్టండి.

గోదారిగట్టు:
మరి కెమెరా?

మూడోకన్ను:
మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్, అక్కడ 60. పాల్ (మన దగ్గరి టీవీ పద్ధతి) సెట్టింగులో సెకనుకు 25 ఫ్రేములు, 1/50 షట్టర్‌తో తీస్తే అక్కడి లైట్ల కింద బొమ్మ మిణుకుతుంది, లేదా చారలు పాకుతాయి. ఎడిటింగ్‌లో అది పూర్తిగా పోదు. ఎన్టీఎస్సీకి (అక్కడి పద్ధతి) మార్చి 29.97 ఫ్రేములు, 1/60 షట్టర్ పెట్టండి. ఎల్ఈడీ తెర వెనకాల ఉంటే క్లియర్ స్కాన్‌తో (షట్టర్‌ను కొంచెం కొంచెంగా మార్చే సెట్టింగు) చారలు ఆగేదాకా సర్దాలి. ఈ మార్పు ఇంట్లోనే చేసుకోండి. కొన్ని కెమెరాలు పాల్ నుంచి మార్చగానే కార్డు ఫార్మాట్ అడుగుతాయి, పొద్దున తీసిందంతా అందులోనే ఉంటుంది.