గొంతు నొప్పికీ గుండె కవాటానికీ ఏమిటి సంబంధం?

ప్రశ్న: స్ట్రెప్టోకాకస్ క్రిమి గొంతులోనే ఉంటుంది కదా, మరి ఆ గొంతు నొప్పి తర్వాత వచ్చే రుమాటిక్ జ్వరంలో మైట్రల్ కవాటం (గుండె ఎడమ పక్క గదుల మధ్య ఉండేది) ఎలా దెబ్బతింటుంది?

జవాబు 1: గుండెకు చేరేది క్రిమి కాదండీ, దానితో పోరాడటానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలూ (క్రిమికి అంటుకునే రక్షక ప్రోటీన్లు), టీ కణాలూ (ఒక రకం తెల్ల రక్తకణాలు). క్రిమి పైనుండే ఎం ప్రోటీన్‌కు మన గుండె కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్‌తో కొంత పోలిక ఉంది. ఆ పోలికే కొంప ముంచుతుంది: క్రిమి అనుకుని అవి మన గుండెమీదే దాడి చేస్తాయి. గొంతు నొప్పి వచ్చిన రెండు మూడు వారాలకు జ్వరం, కీళ్ల వాపు మొదలవుతాయి.

జవాబు 2: ఒక చేర్పు. మయోసిన్ కణాల లోపల ఉంటుంది, యాంటీబాడీలకు నేరుగా అందదు. యాంటీబాడీలు ముందు కవాటం పైపొరకు అంటుకుంటాయి, అది వాచాకే టీ కణాలు లోపలికి దూరతాయి. మచ్చకట్టి కవాటం బిగుసుకుపోవడం ఆ తర్వాత.

జవాబు 3: గొంతు నొప్పి మొదలైన 9 రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెడితే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపొచ్చు. వచ్చాక మాత్రం పెద్దవాళ్లకు 3-4 వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ (ఒంట్లో నెమ్మదిగా విడుదలయ్యే రకం) ఇంజెక్షన్ 12 లక్షల యూనిట్లు, ఏళ్ల తరబడి. కీళ్లు బాగయ్యాయని దయచేసి ఆ ఇంజెక్షన్లు మాన్పించకండి. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ కవాటం ఇంకాస్త పాడవుతుంది.